స్క్రూనా, జిగురా? నెదర్లాండ్స్ డైరీ

గురువారం, ఐండ్‌హోవెన్

ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి స్కిపోల్ ఎయిర్‌పోర్టు 2015లో ఫిలిప్స్‌తో ఒక చిత్రమైన ఒప్పందం చేసుకుంది. లైట్లు కొనరు, వాడుకున్న వెలుతురుకు డబ్బు కడతారు. ఫిట్టింగులు ఫిలిప్స్‌వే. పాడైతే వాళ్లే బాగుచెయ్యాలి, ఒప్పందం అయిపోయాక వాళ్లే విప్పి పట్టుకుపోవాలి. రిపేరు ఖర్చు తయారుచేసినవాడి నెత్తిన పడేసరికి డిజైనే మారిపోయింది. ఫిట్టింగు మొత్తం పారేయకుండా లోపల పాడైన భాగం ఒక్కటే మార్చుకునేలా చేశారు. మామూలు వాటికంటే 75 శాతం ఎక్కువకాలం వస్తాయని అప్పుడు చెప్పారు. ఆ లైట్లున్న లాంజ్ నేను దిగిన దారిలో లేదు, తిరుగు ప్రయాణంలో చూశాను. కింద నుంచి చూస్తే మామూలు లైట్లే. తలెత్తుకుని నిలబడ్డ నన్ను సూట్‌కేసు తోసుకొస్తున్న పెద్దాయన ఒకాయన పక్కకు తప్పుకోమన్నాడు.

హైదరాబాద్‌లో నాది ఇంటీరియర్స్ పని. మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు, టీవీ యూనిట్లు. అందరిలా తులిప్ తోటలు చూడకుండా, విప్పి మళ్లీ వాడుకునేలా చేసిన వస్తువులూ బిల్డింగుల అతుకులూ చూస్తానంటే మా అక్క కూతురు చిన్నికి నవ్వొచ్చింది. తను ఐండ్‌హోవెన్ దగ్గర ఇంజనీరు. "మామయ్యా, అందరూ విండ్‌మిల్ ముందు ఫొటో దిగుతారు. నువ్వు స్క్రూ ముందు దిగుతావా ఏంటి?" అంది.

రైల్లో తన ఫోన్ నా చేతిలో పెట్టింది. ఫెయిర్‌ఫోన్ 5. ఆమ్‌స్టర్‌డామ్ కంపెనీది, 2023లో వచ్చింది. వెనక మూత గోటితో తీసింది, బ్యాటరీ వేళ్లతో పైకి లేపింది. అంతే. స్క్రీన్, కెమెరా, ఛార్జింగ్ పోర్టు దేనికది మామూలు స్క్రూడ్రైవర్‌తో ఊడొస్తాయి, విడిగా కొనుక్కోవచ్చు. అయిదేళ్ల వారంటీ. మన ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో హీట్‌గన్‌తో వేడిచేసి, పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, ఊపిరి బిగబట్టి స్క్రీన్ ఊడదీసే కుర్రాళ్లు గుర్తొచ్చారు. వాళ్ల నైపుణ్యంలో సగం జిగురుతో కుస్తీకే పోతుంది. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి, కొన్ని మినహాయింపులు పోగా, బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలని చట్టం చేశారు. పల్చగా ఉండాలంటే జిగురు తప్పదని ఇన్నాళ్లూ చెప్పిన కంపెనీలు ఇప్పుడు ఏదో ఒక దారి వెతుక్కోవాలి.

సాయంత్రం సూపర్‌మార్కెట్‌కి ఖాళీ సీసాలు పట్టుకెళ్లాం. గోడలో గుండ్రటి కంత, అందులో పెడితే రసీదు వస్తుంది, బిల్లులో తగ్గిస్తారు. చిన్న ప్లాస్టిక్ సీసాకు 15 సెంట్లు (2021 జులై నుంచి), పెద్దదానికి 25, కూల్‌డ్రింకు రేకు డబ్బాకు 15 (2023 ఏప్రిల్ నుంచి), బీరు సీసాకు 10. నాకు నచ్చింది ఆ చివరిదే. ప్లాస్టిక్ సీసాని నలిపి కరిగించాలి. గోధుమరంగు బీరు సీసాని కడిగి మళ్లీ నింపుతారు. చాలా కంపెనీలు ఒకే ఆకారం, ఒకే సైజు సీసా వాడుతున్నాయి కాబట్టి ఎవరి సీసా ఎవరికి చేరినా ఇబ్బంది లేదు. లేబుల్ మాత్రమే వేరు. అదీ కాగితం, వేడి కాస్టిక్ సోడా నీళ్లలో ఊడొచ్చే జిగురుతో అంటించింది. జిగురు మీద నాకున్న కోపం ఇక్కడ కాస్త తగ్గింది. ఎలా ఊడాలో ముందే ఆలోచించి పెట్టిన జిగురుతో పేచీ లేదు.

శుక్రవారం, వెన్లో

జర్మనీ సరిహద్దులో, మాస్ నది ఒడ్డున చిన్న ఊరు. స్టేషన్ నుంచి నడిచి వెళ్తే మున్సిపల్ ఆఫీసు. ఉత్తరం వైపు గోడ మొత్తం మొక్కలే, రెండు వేల చదరపు మీటర్లకు పైగా. అటువైపు రైలు పట్టాలు, రద్దీ రోడ్డు ఉన్నాయి. దుమ్మూ పొగా మొక్కలు పట్టుకుంటాయని ఆ వైపే పెట్టారు. బిల్డింగు నెత్తిన గ్రీన్‌హౌస్ ఉంది. ముందే బుక్ చేసుకుంటే గైడు తిప్పి చూపిస్తారు. మున్సిపల్ ఆఫీసు చూడ్డానికి టూర్ అంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మడం లేదు.

ఈ ఊరికి ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, మైకేల్ బ్రౌన్‌గార్ట్ అనే జర్మన్ కెమిస్టు, విలియం మెక్‌డొనా అనే అమెరికన్ ఆర్కిటెక్టు కలిసి 2002లో ఒక పుస్తకం రాశారు. దాన్ని చెట్టు కాగితం మీద కాక, మళ్లీ కరిగించి వాడుకోగల ప్లాస్టిక్ షీట్ల మీద అచ్చేశారు. నీళ్లలో పడినా తడవదు. వాళ్ల మాట సూటిగా ఉంటుంది. ప్రతి వస్తువూ రెండు దారుల్లో ఏదో ఒకటి పట్టాలి. మట్టిలో కలిసి మట్టికి బలం కావాలి, లేదంటే ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లి నాణ్యత తగ్గకుండా మళ్లీ వస్తువు కావాలి. ఈ రెండు రకాల సరుకునీ విడదీయలేనట్టు కలిపేస్తే ఏ దారీ ఉండదు. 2006లో డచ్ టీవీలో దీని మీద డాక్యుమెంటరీ వచ్చాక ఈ దేశంలో మాట బాగా పాకింది. వెన్లో దాన్ని పట్టుకుంది. 2012లో ఇక్కడ జరిగిన ఫ్లోరియాడ్ పూల ప్రదర్శనకూ ఇదే ఆలోచన ఆధారం. 2016లో ఈ ఆఫీసు తెరిచారు.

గైడు ఇదంతా చెబుతుంటే నా బుర్ర మియాపూర్‌లో ఉంది. మేం చేసే కిచెన్ షట్టర్ చూడండి. లోపల ప్లై, అంటే చెక్క పొరల మధ్య రెసిన్ (గట్టిపడిపోయే జిగురు). పైన మైకా, అంటే ఫినాలిక్ రెసిన్‌లో ముంచిన క్రాఫ్ట్ పేపరు, దాని మీద మెలమైన్‌లో ముంచిన డిజైన్ పేపరు, అన్నీ కలిపి నొక్కి చేసిన షీటు. ఆ రెంటికీ మధ్య ఫెవికాల్. అంచుకు పీవీసీ పట్టీ, దానికి వేడి జిగురు. ఫ్లాట్ చేతులు మారి కొత్త ఓనర్ రంగు నచ్చలేదంటే, గునపంతో ఒక పూటలో ఊడబెరికేస్తారు. పాత సామాన్ల వాళ్లు వచ్చి హింజెస్, ఛానెళ్లు, స్టీల్ బాస్కెట్లు ఏరుకుంటారు. మైకా అంటిన ప్లై ముట్టుకోరు. కాలిస్తే కంపు, పాతితే కుళ్లదు. బ్రౌన్‌గార్ట్ చెప్పిన ఏ దారీ లేని సరుకుకి అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

వాళ్లు చెప్పే విజయకథ మాత్రం బట్టలది. 1990ల మొదట్లో స్విట్జర్లాండ్‌లో రోనర్ అనే చిన్న మిల్లు కుర్చీల గుడ్డ నేసేది. దాని కత్తిరింపు ముక్కలు ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తాయని అక్కడి ప్రభుత్వం తేల్చింది. బ్రౌన్‌గార్ట్ రంగుల కంపెనీల వెంటపడ్డాడు, మీ రసాయనాల్లో ఏముందో చూపించండి అని. అరవై కంపెనీలు తలుపులేసుకున్నాయి, సిబా-గైగీ ఒక్కటి ఒప్పుకుంది. వేల రసాయనాలు వడపోస్తే చివరికి 38 మిగిలాయి. వాటితోనే అన్ని రంగులూ తెచ్చారు. ఆ తరవాత ఆ ముక్కల్ని తోటల్లో మొక్కల మొదళ్లలో పరిచారు. చెత్తని ఎలా వదిలించుకోవాలన్న ప్రశ్నకు జవాబు రంగుల గదిలో దొరికిందన్నమాట.

టూర్‌లో నన్ను నిలబెట్టేసింది ఫర్నిచర్ టెండర్. ధర ఎంత అని మాత్రమే అడగలేదట. పదేళ్లు వాడాక దీన్ని మీరే వెనక్కి తీసుకోవాలి, ఎంతిస్తారు అని కూడా అడిగారు. నేను ఒక కుర్చీ తిరగేసి కింద చూశాను. గైడు ఏమీ అనలేదు, అలవాటే అనుకుంటా. చిన్ని మాత్రం అటు తిరిగి నిలబడింది.

రైల్లో తిరిగొస్తూ నాకు నేనే ఆ టెండర్ వేసుకున్నాను. రేపు కొండాపూర్‌లో ఒక కస్టమర్ "ఈ కిచెన్‌ని పదేళ్ల తరవాత ఎంతకు కొంటారండీ?" అని అడిగితే? సున్నా. మోసుకెళ్లే ట్రాలీ ఆటో ఖర్చు ఆయనే పెట్టుకోవాలి. ఆ సున్నాని కాస్త పైకి తేవాలంటే ఏం మార్చాలి? బాక్సులకు మేకులూ ఫెవికాలూ మానేసి మినీఫిక్స్‌తో, అంటే విప్పి మళ్లీ బిగించుకునే లోహపు బిగింపుతో బిగించాలి, పదిసార్లు విప్పినా పట్టు పోకూడదు. బ్యాక్ ప్యానెల్ అతికించకుండా గాడిలో దించాలి. బాక్సుల సైజులు మూడు నాలుగుకి మించకూడదు, అప్పుడే ఒక ఇంటివి ఇంకో ఇంట్లో పడతాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. మన ఫ్లాట్లలో ఏ రెండు గోడలూ ఒకే కొలత ఉండవు. గోడ నుంచి గోడకు ఇంచు ఖాళీ లేకుండా బిగించడమే మా దగ్గర పనితనం. ఆ పనితనమే పదేళ్ల తరవాత ఆ కిచెన్‌ని ఎందుకూ పనికిరాకుండా చేస్తోంది. చివర్లో విడి ఫిల్లర్ పట్టీ వేసి సరిపెట్టొచ్చు. కస్టమర్ ఆ పట్టీని చూసి మొహం మాడ్చుకోకపోతే.

శనివారం, ఐండ్‌హోవెన్

వీధి చివర హాల్లో రిపేర్ కఫే. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టిన్ పోస్ట్‌మా అనే జర్నలిస్టు మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పుడు ఎన్నో దేశాల్లో నడుస్తోంది. పాడైన వస్తువు తెస్తే పనితెలిసిన ఇరుగుపొరుగువాళ్లు ఉచితంగా చూస్తారు, మనం పక్కన కూర్చోవాలి. చిన్ని ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీ పట్టుకెళ్లింది. తెల్లగడ్డం తాత దాన్ని తిరగేశాడు, నాలుగు స్క్రూలు విప్పాడు, మోటార్ కనబడింది. మోటార్‌కి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగాయి. బ్రష్షులు విడిగా దొరుకుతాయనీ, పైన కప్లర్ కూడా పది నిమిషాల్లో మారుతుందనీ చెబితే ఆయన మొహం వెలిగింది. అంతకుముందు ఆయన ముందున్నది కాఫీ మెషిన్. ఎక్కడా స్క్రూ లేదు, ప్లాస్టిక్ లాకులే. విప్పబోతే రెండు పుటుక్కున విరిగాయి.

ఆదివారం, రోటర్‌డామ్

నది ఒడ్డున ట్రాపికానా అని పెద్ద స్విమ్మింగ్‌పూల్ కాంప్లెక్సు ఉండేది. 1988లో తెరిచారు, 2010లో మూతపడింది. ఇప్పుడది బ్లూసిటీ. ఒకరి వ్యర్థం ఇంకొకరికి ముడిసరుకు కావాలన్న చిన్న చిన్న కంపెనీలన్నీ ఇందులో చేరాయి. పాత డిస్కో హాలుని ఆఫీసులుగా మార్చిన సూపర్‌యూజ్ స్టూడియోస్ వాళ్లు చాలా వరకు వేరే కట్టడాల నుంచి తెచ్చిన సామానే వాడారు. కిటికీల్లో ఏ రెండూ ఒకలా లేవు. ఒప్పుకోవాలి, అందంగానే ఉంది. కానీ ఇది ముందే ఆలోచించి చేసిన డిజైన్ కాదు, ఎవరో ఆలోచించకుండా చేసినదానికి తరవాత వెతుక్కున్న తెలివి. రెండూ ఒకటి కావు.

ఆ తేడా తెలియాలంటే అదే స్టూడియో ఊళ్లో కట్టిన పిల్లల ఆటస్థలం చూడాలి. పేరు వికాడో. పాత గాలిమర రెక్కలతో కట్టారు. పిల్లలు సొరంగంలో దూరినట్టు దూరి అటువైపు తేలుతున్నారు. గాలిమర రెక్క అంటే గాజు నారను ఎపాక్సీ రెసిన్‌లో తడిపి గట్టిపరిచింది. ఇరవై పాతికేళ్లు తుఫానులకు నిలబడాలి కాబట్టి విడిపోకుండా చేస్తారు. విడిపోదు కాబట్టే ఆ తరవాత ఏం చెయ్యాలో తోచక చాలాచోట్ల కోసి పాతిపెట్టారు. ఎన్ని ఊళ్లలో ఎన్ని ఆటస్థలాలు కడతాం? దీనికి మొదట్లోనే మందు వెయ్యాలని 2021లో సీమెన్స్ గమేసా కొత్త రెసిన్‌తో రెక్క చేసింది. దాన్ని వేడి చేసిన పలచటి యాసిడ్‌లో ఉంచితే రెసిన్ వదులుతుంది, నార, చెక్క, లోహం దేనికది వేరవుతాయి. మరుసటి ఏడాదే జర్మనీ సముద్రంలో వాటిని బిగించారు. అనంతపురం జిల్లా కొండల మీద తిరిగే మరలన్నిటికీ ఒకరోజు ఈ ప్రశ్న వస్తుంది. నెల్లూరు వైపు గమేసా రెక్కల ఫ్యాక్టరీ కూడా పెట్టింది కాబట్టి ఇది మనకు దూరపు ముచ్చటేమీ కాదు.

రోటర్‌డామ్‌లో ఇంకో సంగతి కూడా మనవాళ్లకు చెప్పాలి. ఈ రేవుకి పడవల్లో వచ్చే మామిడిపళ్లలో మచ్చపడ్డవి, మగ్గిపోయినవి అమ్ముడుపోవు. ఫ్రూట్‌లెదర్ అనే ఈ ఊరి కంపెనీ వాటిని గుజ్జు చేసి, ఉడికించి, పల్చగా పరిచి, ఆరబెట్టి తోలు లాంటి షీటు చేస్తుంది. ఆత్రేయపురంలో చాపల మీద తాండ్ర పోయడం చూసినవాళ్లకు ఇందులో కొత్తగా నేర్చుకునేదేమీ లేదు, తినకుండా చెప్పులు కుట్టడం తప్ప. మొక్కల తోలు అని ఎవరు చెప్పినా నేను మాత్రం ముందు పైపూత ఏమిటని అడుగుతాను. మార్కెట్లో ఆ పేరుతో వచ్చే చాలా రకాల్లో పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ ఉంటుంది. అరగకుండా, నీళ్లకు తట్టుకునేలా ఉండాలంటే ఏదో ఒకటి పూయాలి మరి. ప్లాస్టిక్ పూత పడ్డాక అది మట్టిలో కలవదు, విడిగా కరగదు. మళ్లీ నా మైకా ప్లై దగ్గరికే వచ్చాం.

సోమవారం

వాన. చిన్ని ఆఫీసుకి వెళ్లింది. సాంబారు పెట్టుకుని ఇంట్లోనే ఉన్నాను.

మంగళవారం, డ్రీబెర్గెన్

యూట్రెక్ట్‌లో రైలు మారి వెళ్లాలి. స్టేషన్ పక్కనే చెట్లు నిండిన ఎస్టేట్, అందులో ట్రియోడోస్ బ్యాంకు హెడ్ ఆఫీసు. 2019లో పూర్తయింది. ఆర్కిటెక్టు థామస్ రావు. మన తెలుగు రావు కాదు, జర్మనీలో పుట్టి ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడ్డాయన. స్కిపోల్ లైట్ల ఒప్పందం వెనక ఉన్నదీ ఈయనే. బేస్‌మెంట్ కాంక్రీటు, దాని మీద మొత్తం చెక్క. లెక్కపెట్టి మరీ చెప్పారు, 1,65,312 స్క్రూలు. ఏ రోజైనా అన్నీ విప్పి బిల్డింగుని విడివిడి భాగాలుగా తీసుకెళ్లొచ్చని వాళ్ల ధీమా. ఏ దూలం ఎక్కడిది, ఏ కొలత, ఏ సరుకు అన్నదంతా మాడాస్టర్ అనే రిజిస్టర్‌లో రాసిపెట్టారు. భూమికి పహాణీ ఉన్నట్టు కట్టడంలోని సరుకుకీ రికార్డు ఉండాలని రావు, ఆయన భార్య సబీనె ఒబెర్‌హూబర్ ఆలోచించి మొదలుపెట్టిన వేదిక అది.

చుట్టూ రెండుసార్లు తిరిగాను. గాజు గోడలోంచి చెక్క స్తంభాలు, మెట్లు, పైకప్పు దూలాలు బాగా కనిపిస్తాయి. పని అద్భుతం. స్క్రూ తలలు దాచలేదు, అదే నాకు బాగా నచ్చింది. మా దగ్గర స్క్రూ కనిపిస్తే కస్టమర్ వేలు పెట్టి చూపిస్తాడు, దాని మీద స్టిక్కర్ అంటిస్తాం.

కానీ నేను చెక్క పనివాణ్ని. ఆ దూలాలు ఒకే మాను కోసి తీసినవి కావు, పలకలు పేర్చి జిగురుతో నొక్కి చేసినవి. అంత పొడవు, అంత వంపు అలా కాక రావు. అంటే జిగురు పోలేదు, దూలం లోపలికి వెళ్లింది. దూలాన్ని దూలంగా ఇంకో కట్టడానికి వాడుకోవచ్చు, పలకలుగా విడగొట్టలేం. చిన్నితో ఇదంటే, "అయితే ఇదీ మోసమేనా మామయ్యా?" అంది. మోసమేం కాదు. ఎక్కడ విడిపోవాలి, ఎక్కడ విడిపోకూడదు అన్నది ఎవరో కూర్చుని నిర్ణయించారు. మేం షట్టర్ చేసేటప్పుడు ఆ నిర్ణయమే ఎవరూ తీసుకోరు. డబ్బా మూత తీసి బ్రష్ ముంచుతారు. ఆ వంపు దూలం ఇంకో కట్టడానికి ఎంతవరకు అతుకుతుందన్న అనుమానం మాత్రం నాకు పోలేదు. గుండ్రటి గది దూలం గుండ్రటి గదికే పనికొస్తుంది. విప్పడం సగం పనే, విప్పింది ఇంకొకరికి కావాలి.

బుధవారం, ఎన్‌స్కెడే

ఆ అనుమానానికి జవాబు వెతుక్కుంటూ దాదాపు మూడు గంటలు రైళ్లు మారి దేశం తూర్పు కొసకి వెళ్లాం. చూసింది ఒక మామూలు ఆఫీసు బిల్డింగు. చిన్ని సెలవు పెట్టి మరీ వచ్చింది పాపం.

దీని కథ ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైంది. పాత కోర్టు కూల్చి కొత్తది కట్టేదాకా కొన్నేళ్లు కేసులు నడపడానికి తాత్కాలిక కోర్టు కావాల్సొచ్చింది. ప్రభుత్వ ఆస్తుల శాఖ టెండర్‌లో, మా అవసరం తీరాక ఈ కట్టడానికి ఎంత విలువ మిగులుతుందో దాన్నీ లెక్కలోకి తీసుకుంటామని పెట్టింది. సెపెజెడ్ అనే ఆర్కిటెక్టులు డిజైన్ చేశారు, 2016లో కట్టారు. స్టీలు ఫ్రేము, బోల్టులు. కష్టం ఫ్లోరు దగ్గర వచ్చింది. మామూలుగా లోపల డొల్లగా ఉండే కాంక్రీటు పలకలు వరసగా పేర్చి, సందుల్లోనూ పైనా కాంక్రీటు పోసి అంతా ఒకే ముద్ద చేస్తారు. ఇక విడదియ్యాలంటే పగలగొట్టడమే. ఇక్కడ పలకల్ని స్టీలు దూలాలకు బోల్టులతో పట్టించే పద్ధతి ప్రత్యేకంగా తయారుచేశారు. 2021లో కొత్త కోర్టు తెరిచాక లాగెమాట్ అనే కంపెనీ దీన్ని విప్పి, లారీల్లో 150 కిలోమీటర్లకు పైగా తెచ్చి, ఇక్కడ యూనివర్సిటీ పక్కన కెన్నిస్‌పార్క్‌లో మళ్లీ నిలబెట్టింది.

వంపులు లేవు, గుండ్రటి గదులు లేవు. అన్నీ నిలువు గీతలు, అడ్డ గీతలు, ఒకే కొలతలు. జడ్జీలు కూర్చున్నచోట ఇప్పుడు ఎవరో లాప్‌టాప్ ముందు కూర్చుని శాండ్‌విచ్ తింటున్నారు. డ్రీబెర్గెన్ బ్యాంకు దీనికంటే వంద రెట్లు అందంగా ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ నిజంగా విప్పి, మోసి, మళ్లీ బిగించి చూపించింది ఇదే.

"ఇంత ఖర్చు పెట్టి మొయ్యడం కంటే ఇక్కడే కొత్తది కట్టుకుంటే చవక కాదా?" అని చిన్ని అడిగింది. ఒక్కొక్క బిల్డింగు లెక్క చూస్తే అలాగే అనిపించవచ్చు. ఇక్కడ ఆ లెక్క మొదటి టెండర్‌లోనే చేసేశారు, మిగులు విలువ ఉంటుందని నమ్మినవాడే పని పట్టాడు. అలాగని ఈ దేశాన్ని మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 2030కి కొత్త ముడిసరుకు వాడకం సగం చేస్తామని, 2050కి చెత్తన్నదే లేకుండా అంతా మళ్లీ వాడుకునే దేశం అవుతామని 2016లో ప్రకటించారు. మరోపక్క ఇక్కడి చెత్త కాల్చే ప్లాంట్లు, సొంత చెత్త చాలక బయటి దేశాల నుంచి కూడా తెప్పించుకుని కాల్చాయి. ప్లాంటు కట్టాక దాని పొయ్యి ఆరకూడదు కదా.

వెళ్లాలనుకునేవాళ్లకు: వెన్లో టూర్ ముందే బుక్ చేసుకోవాలి, వారాంతాల్లో ఆఫీసు మూత. డ్రీబెర్గెన్ ఎస్టేట్‌లో ఎవరైనా నడవొచ్చు, బ్యాంకు లోపలికి మాత్రం ఊరికే రానివ్వరు. రోటర్‌డామ్ ఆటస్థలంలో రెక్కల్లోకి దూరే వయసు మనది కాదు, మోకాళ్లు చూసుకోండి. రైలు టికెట్లకు క్యూలో నిలబడనక్కర్లేదు, బ్యాంకు కార్డే గేటు దగ్గర ఆనించొచ్చు. దిగేటప్పుడు మళ్లీ ఆనించడం మరిచిపోతే మాత్రం అదనంగా కోసేస్తారు. ఎన్‌స్కెడేకి ఈ ఒక్క బిల్డింగు కోసం వెళ్లమని నేను చెప్పను. కాంట్రాక్టర్లయితే వెళ్లండి.